కణంలో తిరిగే కవ్వం: చిక్కదనాన్ని వెలుగుతో కొలవడం

(రసాయనశాస్త్ర అధ్యాపకుల, డిగ్రీ విద్యార్థుల సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యాపక మిత్రులకు, విద్యార్థులకు నమస్కారం.

సంక్రాంతికి అరిసెలు వండే ఇంట్లో పెరిగినవారికి స్నిగ్ధతను, అంటే ద్రవం జిగటను, కొలవడం ఎవరూ నేర్పనక్కరలేదు. మా అమ్మమ్మ బెల్లం పాకం ఉడుకుతుండగా గరిటెతో ఒక చుక్క తీసి, పక్కన పెట్టుకున్న పళ్లెంలోని చన్నీళ్లలో వేసి, వేలితో దగ్గరకు తోసి చూసేది. చుక్క నీళ్లలో చెదిరిపోతే పాకం ఇంకా రాలేదని మంట పెంచేది. మెత్తని ఉండగా వేలికి అందితే వెంటనే దించి పిండి పోయమనేది. తీపి వంటకాన్ని బట్టి లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం అని మనకు వేరువేరు పేర్లున్నాయి. ఇవన్నీ ఒకే ద్రవం చిక్కబడుతూ వెళ్లే దారిలో మన వంటింటివాళ్లు పాతిన మైలురాళ్లు. ఆ కొలతలో ఏ పరికరమూ లేదు కానీ, ఒక షరతు మాత్రం ఉంది. పాకంలోంచి ఒక చుక్కను బయటికి తీయగలగాలి.

నేను ఈ రోజు మాట్లాడబోయేది అలా చుక్క తీయడానికి వీలులేని ద్రవాల గురించి. మన శరీరంలోని ఒక సాధారణ కణం లోపల ఉండే ద్రవమంతా కొన్ని పికోలీటర్లు మాత్రమే. మామూలు నీటి చుక్క ఒక్కదానిలో అటువంటి కణాలు కోటికి పైగా పడతాయి. ఆ కణాన్ని చంపకుండా, చీల్చకుండా, దాని లోపలి ద్రవం ఎంత చిక్కగా ఉందో, అదీ ఏ మూల ఎంత చిక్కగా ఉందో తెలుసుకోవాలి. అందుకు మన చేతివేళ్ల స్థానంలో ఒక అణువును లోపలికి పంపి, అది వెలిగే తీరును బయటినుంచి చూస్తాం.

ముందుగా మాట తేల్చుకుందాం, ఎందుకంటే తెలుగులో చిక్కదనం అనే మాట రెండు పనులు చేస్తుంది. చిక్కటి పాలు అన్నప్పుడు అందులో నీరు తక్కువ, పాలపదార్థం ఎక్కువ అని మన ఉద్దేశం. చిక్కటి పాకం అన్నప్పుడు అది తేలిగ్గా కదలదు, జారదు, తీగ సాగుతుంది అని. ఈ రెండో అర్థానికే మన పాఠ్యపుస్తకాలు స్నిగ్ధత అనే పేరు పెట్టాయి. దీన్ని సాంద్రతతో కలిపేసుకోవడం విద్యార్థులు తరచుగా చేసే పొరపాటు. ఆముదం నీటి కంటే తేలిక, నీళ్లలో పోస్తే పైకి తేలుతుంది. అయినా 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాని స్నిగ్ధత 986 సెంటీపాయిజ్‌లు, అంటే నీటికి దాదాపు వెయ్యి రెట్లు. పాదరసం నీటికి పదమూడున్నర రెట్లు బరువైనా, దాని స్నిగ్ధత నీటికి ఒకటిన్నర రెట్లే. బరువుకూ జిగటకూ సంబంధం లేదని ఈ రెండు ద్రవాలే చెబుతాయి.

మీరు డిగ్రీ ప్రయోగశాలలో ఆస్వాల్డ్ విస్కోమీటర్ పట్టుకుని, సన్నని గాజు గొట్టంలో ద్రవం పై గీత నుంచి కింది గీత వరకు దిగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసే ఉంటారు. ఆ ప్రయోగం వెనుక ఉన్నది, సన్నని గొట్టాల్లో ద్రవప్రవాహాన్ని 1840లలో శ్రద్ధగా కొలిచిన ఫ్రెంచి వైద్యుడు పాజాయ్. ఆయన పేరు మీదనే పాయిజ్ అనే ప్రమాణం వచ్చింది; అందులో నూరోవంతు సెంటీపాయిజ్. ఆయనకు ప్రేరణ రక్తనాళాల్లో రక్తం ఎలా పారుతుందన్న ప్రశ్న. కాబట్టి ఈ కొలత పుట్టుకలోనే శరీరం ఉంది.

ఇంకొక పేరు కూడా చెప్పాలి. జార్జ్ గాబ్రియెల్ స్టోక్స్ 1851లో, చిక్కటి ద్రవంలో పడుతున్న గోళాన్ని ఆ ద్రవం ఎంత బలంతో అడ్డుకుంటుందో లెక్కగట్టారు. మరుసటి సంవత్సరం 1852లో అదే స్టోక్స్, క్వినైన్ ద్రావణం కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని నీలి కాంతిని వెలువరించడాన్ని వివరించారు. ఆ దృగ్విషయానికి ఫ్లోరెసెన్స్ అనే పేరు పెట్టింది కూడా ఆయనే. మనం ప్రతిదీప్తి అంటున్నది దీన్నే. స్నిగ్ధత, ప్రతిదీప్తి అనే రెండు విషయాలు ఒకే మనిషి బల్ల మీద ఒక ఏడాది తేడాతో ఉన్నాయి. అవి రెండూ ఒకదానికొకటి కొలతగా మారడానికి మాత్రం నూరేళ్లకు పైగా పట్టింది.

ఇప్పుడు ఆ అణువు సంగతికి వద్దాం. ప్రతిదీప్తి గల అణువు కాంతిని పీల్చుకుని ఉత్తేజిత స్థితికి చేరుతుంది. అక్కడ ఎక్కువసేపు నిలవలేదు. కొన్ని నానోసెకన్లలో కిందికి దిగాలి. ఒక నానోసెకను అంటే వెలుగు కూడా 30 సెంటీమీటర్లు, మీ చేతిలోని స్కేలు పొడవు మాత్రమే ప్రయాణించగలిగే కాలం. దిగడానికి దారులు ఒకటికి మించి ఉంటాయి. తీసుకున్న శక్తిని కాంతిగా వదలవచ్చు, లేదా కాంతి లేకుండా వేడిగా వదలవచ్చు. మనకు కావలసిన అణువుల్లో ఈ రెండో దారి తెరుచుకోవాలంటే, అణువులోని ఒక భాగం మరొక భాగానికి అడ్డంగా మెలి తిరగాలి. అందుకే వీటిని మాలిక్యులర్ రోటర్లు అంటారు. నేను నా విద్యార్థులకు అణుకవ్వాలు అని చెబుతాను.

పలుచని మజ్జిగలో కవ్వం వేలితో తిప్పినా తిరుగుతుంది. గడ్డ పెరుగులో అదే కవ్వానికి రెండు చేతులూ కావాలి. అణుకవ్వం నీటివంటి పలుచని ద్రవంలో ఉంటే, ఉత్తేజితమైన వెంటనే గిర్రున తిరిగి, శక్తిని వేడిగా పోగొట్టుకుని, వెలగకుండానే దిగిపోతుంది. గ్లిసరిన్ వంటి జిగట ద్రవంలో ఉంటే చుట్టుపక్కల అణువులు దాన్ని తిరగనివ్వవు. ఆ దారి మూసుకుపోయినందువల్ల అది కాంతిని వదిలే దిగాలి. ద్రవం ఎంత చిక్కనైతే వెలుగు అంత ఎక్కువ, ఆ వెలుగు అంతసేపు నిలుస్తుంది. నోటిపూతకు పూసే ఊదారంగు మందు, జెన్షియన్ వయొలెట్, మీకు తెలిసే ఉంటుంది. ఆ రంగు అణువుకు మూడు రెక్కలు, మూడూ మెలి తిరుగుతాయి. అందుకే నీటిలో అది దాదాపు వెలగదు, గ్లిసరిన్‌లో వెలుగు హెచ్చుతుంది. ఆ కుటుంబానికే చెందిన రంగులపై పనిచేసి జర్మన్ శాస్త్రవేత్తలు ఫోర్‌స్టర్, హాఫ్‌మన్ 1971లో ఒక సూత్రం ఇచ్చారు. ప్రతిదీప్తి సామర్థ్యం (పీల్చుకున్న కాంతిలో ఎంత వంతు తిరిగి వెలుగుగా వస్తుందనేది) లాగరిథమ్‌ను స్నిగ్ధత లాగరిథమ్‌కు ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుందని ఆ సూత్రం సారాంశం. నేటికీ ఈ రంగంలో ప్రతి ప్రయోగమూ ఆ గీత గీయడంతోనే మొదలవుతుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, దానిమీద నేను కొంచెంసేపు నిలబడతాను. చిక్కని చోట అణువు ఎక్కువ వెలుగుతుంది కనుక, సూక్ష్మదర్శినిలో ఎక్కడ మెరుపు ఎక్కువో అక్కడ చిక్కదనం ఎక్కువ అని చెప్పేయవచ్చా? చెప్పకూడదు. ఆ మూల అణువులు ఎక్కువగా పోగుపడినా మెరుపు ఎక్కువే కనిపిస్తుంది. కణం లోపల ఏ మూలకు ఎన్ని అణువులు చేరాయో మనకు తెలియదు. మెరుపు ఒక్కదాన్నే చూసి స్నిగ్ధత చెప్పిన ఫలితాన్ని నేను నమ్మను, మీరూ నమ్మవద్దని నా మనవి.

కార్తీక పౌర్ణమి రాత్రి కోనేటి గట్టును దూరంనుంచి చూసేవారికి, ఆ గట్టు ఎంత కాంతిగా ఉందనేది ఎన్ని ప్రమిదలు పెట్టారన్నదానిమీద ఆధారపడుతుంది. కానీ ఒక్కొక్క దీపం ఎంతసేపు నిలిచిందనేది ఆ చోట గాలి ఎలా ఉందో చెబుతుంది. అది దీపాల సంఖ్య మీద ఆధారపడదు. అణువుల విషయంలోనూ అంతే. ఉత్తేజితమైన అణువు సగటున ఎంతసేపటికి వెలుగును వదిలిందో, ఆ జీవితకాలాన్ని కొలిస్తే, అక్కడ పది అణువులున్నా పదివేలున్నా జవాబు మారదు. అందుకు లేజర్ నుంచి సెకనుకు కోట్ల స్పందనలు (క్షణికమైన కాంతి మెరుపులు) పంపి, ప్రతి స్పందన తరువాత వచ్చిన ఒక్కొక్క ఫోటాన్‌నూ పట్టుకుని, అది ఎంత ఆలస్యంగా వచ్చిందో గుర్తు పెట్టుకుంటూ పోతారు. చిత్రంలోని ప్రతి బిందువుకూ అలా ఒక కాలపట్టిక తయారవుతుంది. ఆ కాలాలకు రంగులు వేస్తే కణం పటం వస్తుంది. ఈ పద్ధతి పేరు ఫ్లోరెసెన్స్ లైఫ్‌టైమ్ ఇమేజింగ్, పొట్టిగా ఫ్లిమ్.

జీవించి ఉన్న కణాల్లో దీన్ని చేసి చూపిన ముఖ్యమైన పని 2008లో లండన్ నుంచి వచ్చింది. ఇంపీరియల్ కాలేజీలో మరీనా కుయిమోవా, కింగ్స్ కాలేజీలో క్లాస్ సుహ్లింగ్, వారి సహచరులు బోడిపీ అనే రంగు కుటుంబానికి చెందిన ఒక అణువును వాడారు. బోడిపీ రంగులను మొదట 1968లో ట్రైబ్స్, క్రొయిట్జర్ అనే రసాయనశాస్త్రవేత్తలు తయారుచేశారు. లండన్ బృందం వాడిన అణువులో బోరాన్ ఉన్న చదునైన పలక ఒకటి, దానికి ఒకే బంధంతో తగిలించిన ఫినైల్ వలయం ఒకటి, ఆ వలయానికి పొడవైన హైడ్రోకార్బన్ తోక ఒకటి ఉన్నాయి. ఆ ఒక్క బంధం చుట్టూ వలయం తిరుగుతుంది; అదే కవ్వం.

మిథనాల్, గ్లిసరిన్ మిశ్రమాల్లో దీన్ని పరీక్షిస్తే, 28 సెంటీపాయిజ్‌ల దగ్గర జీవితకాలం 0.7 నానోసెకన్లు, 950 దగ్గర 3.8 నానోసెకన్లు. ఇందులో లెక్క చూడండి. స్నిగ్ధత దాదాపు 34 రెట్లు పెరిగింది, జీవితకాలం ఐదున్నర రెట్లకు దగ్గరగా పెరిగింది; 34 వర్గమూలం ఆరుకు కొంచెం తక్కువ. అంటే జీవితకాలం ఇంచుమించు స్నిగ్ధత వర్గమూలంతో పాటు నడుస్తోంది. ద్రవం నాలుగు రెట్లు చిక్కబడితే వెలుగు రెండు రెట్లు ఎక్కువసేపు నిలుస్తుంది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే, ఎవరైనా ఫ్లిమ్ చిత్రం చూపినప్పుడు మీరే మనసులో లెక్క వేసుకోగలరు.

ఈ గీత గీయడం వినడానికి తేలికగా ఉంటుంది. నా పరిశోధన తొలి రోజుల్లో ఒక మే నెలలో నేను గీసిన గీత మూడు వారాలపాటు వంకరగానే వచ్చింది. ఉదయం చేసిన కొలతలు ఒక రేఖ మీద, మధ్యాహ్నం చేసినవి మరొక రేఖ మీద పడ్డాయి. అణువు చెడిపోయిందనుకుని మళ్లీ తయారుచేశాను, లేజర్‌ను అనుమానించాను. చివరికి చూస్తే, మధ్యాహ్నాలు కరెంటు పోయి ఏసీ ఆగిన గంటల్లో గది వేడెక్కింది. పైగా మూత సరిగా బిగించని గ్లిసరిన్ సీసా గాలిలోని తేమను పీల్చుకుంది. గ్లిసరిన్ స్నిగ్ధత 20 డిగ్రీల దగ్గర 1400 సెంటీపాయిజ్‌లకు పైన ఉంటే, 30 డిగ్రీలకు సగానికంటే తక్కువకు దిగుతుంది. ఆముదమైతే 20 నుంచి 40 డిగ్రీలకు వెళ్లేసరికి 986 నుంచి 231కి పడిపోతుంది. నా అణువు తప్పు చెప్పలేదు. గదిలోని వేడిని, సీసాలోని తేమను అది నిజాయితీగా చెబుతూనే ఉంది. మీలో ఈ పని చేయబోయేవారు ఉష్ణోగ్రతను దశాంశంతో సహా రాసుకోండి, గ్లిసరిన్ సీసాను గట్టిగా మూయండి.

మళ్లీ లండన్ ప్రయోగానికి వస్తాను. అండాశయ క్యాన్సర్ కణాల్లోకి ఈ అణువును పంపి కొలిస్తే సుమారు 140 సెంటీపాయిజ్‌ల స్నిగ్ధత కనిపించింది. నీటికి 140 రెట్లు. ఈ సంఖ్య వినగానే కణం లోపలంతా వంటనూనె కంటే చిక్కగా ఉందని అనుకునే ప్రమాదం ఉంది. జీవకణాల్లో చిన్న ప్రోటీన్లు ఎంత వేగంగా కదులుతాయో చూసినవారి ఫలితం వేరు. ఆకుపచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్ కణద్రవ్యంలో, నీటిలో కంటే సుమారు మూడు రెట్లు మాత్రమే నెమ్మదిగా వ్యాపిస్తుందని 1997లోనే చూపారు. ఒకరు మూడు రెట్లంటున్నారు, ఒకరు 140 రెట్లంటున్నారు. ఇద్దరిలో ఎవరు తప్పు?

ఇద్దరూ తప్పు కాదు. బోడిపీ అణువుకు ఉన్న పొడవైన తోక నీటిని ఇష్టపడదు. అది నీటిమయమైన కణద్రవ్యంలో ఉండక కొవ్వు ఉన్న చోట్లకు, పొరల్లోకి, పొరల సంచుల్లోకి వెళ్లి కూర్చుంటుంది. అది చెప్పేది తాను కూర్చున్న చోటి సంగతి. జీఎఫ్‌పీ కణద్రవ్యంలో తిరుగుతూ అక్కడి సంగతి చెబుతుంది. దీనికి తోడు కణం లోపలి ద్రవం పెద్ద పెద్ద ప్రోటీన్లతో, నారలతో కిక్కిరిసి ఉంటుంది. జాతరలో పిల్లవాడు మనుషుల కాళ్ల సందుల్లోంచి దూరి పోగలడు, ఎడ్లబండి కదలలేదు. జనం మాత్రం అదే జనం. చిన్న అణువుకు పలుచగా అనిపించిన ద్రవం, పెద్ద రేణువుకు వందల రెట్లు చిక్కగా అనిపిస్తుంది. కాబట్టి కణం స్నిగ్ధత ఎంత అన్న ప్రశ్నకు ఒక్క అంకె జవాబు లేదు. ఎక్కడ, ఎంత పరిమాణం గల వస్తువుకు అని అడిగినప్పుడే అది ప్రశ్న అవుతుంది. నేను ఈ రోజు ఇక్కడికి ముఖ్యంగా చెప్పడానికి వచ్చింది ఈ మాటే. పత్రాలు చదివేటప్పుడు స్నిగ్ధత అంకె కంటే ముందు ఆ అణువు ఎక్కడ కూర్చుంటుందో వెతకండి.

అదే కుయిమోవా బృందం 2009లో ప్రచురించిన మరొక పని నాకు ఎంతో ఇష్టమైనది. పోర్ఫిరిన్ అనే చదునైన వలయాకార పలకలు రెండింటిని ఒక కడ్డీతో కలిపిన అణువును వాడారు. రెండు పలకలూ ఒకే తలంలో ఉన్నప్పుడు ఒక తరంగదైర్ఘ్యంలో, మెలి తిరిగి ఉన్నప్పుడు మరొక తరంగదైర్ఘ్యంలో వెలుగుతాయి. ఆ రెండు వెలుగుల నిష్పత్తి స్నిగ్ధతను చెబుతుంది. నిష్పత్తిలో కూడా అణువుల సంఖ్య రద్దవుతుంది కనుక అది కాలం కొలతకు సరిసాటి ఉపాయం. విశేషమేమిటంటే, ఈ అణువు కాంతి పడినప్పుడు కణాన్ని చంపగలదు కూడా. అది తన శక్తిని పక్కనున్న ఆక్సిజన్‌కు అందించి, దాన్ని సింగ్లెట్ ఆక్సిజన్ అనే తీవ్రమైన రూపంలోకి మారుస్తుంది. క్యాన్సర్ చికిత్సలో ఫోటోడైనమిక్ థెరపీ ఆధారపడేది దీనిమీదనే. అంటే ఒకే అణువు కణాన్ని చంపుతూ, చనిపోతున్న కణం ఎలా ఉందో కూడా చెప్పింది. స్నిగ్ధత సుమారు 50 సెంటీపాయిజ్‌ల నుంచి 300 దాటింది. అలా చిక్కబడినకొద్దీ ఆక్సిజన్ లోపల వ్యాపించడం కూడా నెమ్మదిస్తుంది. చికిత్స తన దారిని తానే కొంత మూసుకుంటుంది. మందు మోతాదు నిర్ణయించేవారికి ఇది చాలా విలువైన సమాచారం.

కణపొర విషయం చెప్పకుండా ఉండలేను. ఉత్తర తెలంగాణలో చలికాలం ఉదయం కొబ్బరినూనె సీసాలోంచి నూనె రాక, ఎండలో పెట్టి కరిగించుకుంటాం. పక్కనే ఉన్న నువ్వుల నూనె మాత్రం ఎప్పటిలాగే పారుతుంది. కొబ్బరినూనెలో సంతృప్త కొవ్వు ఆమ్లాలు ఎక్కువ, నువ్వుల నూనెలో అసంతృప్త ఆమ్లాలు ఎక్కువ కావడమే కారణం. నాలుగైదు నానోమీటర్ల మందం మాత్రమే ఉన్న కణపొరకూ ఇదే సమస్య. చలి వేసి పొర గడ్డకడితే అందులోని ప్రోటీన్లు పనిచేయలేవు. ఇ. కోలి బాక్టీరియా చల్లని చోట పెరిగితే తన పొరలో అసంతృప్త కొవ్వు ఆమ్లాలను పెంచుకుని, పొర స్నిగ్ధత పెద్దగా మారకుండా కాపాడుకుంటుందని 1974లో సినెన్‌స్కీ చూపారు. ఆయన దానికి హోమియోవిస్కస్ అడాప్టేషన్ అని పేరు పెట్టారు. స్నిగ్ధత కణానికి ఏదో దానంతటదే జరిగే గుణం కాదు, కణం పనిగట్టుకుని చూసుకునే విషయం అని దీనివల్ల తెలుస్తుంది. ఇప్పుడు పొరలో కూర్చునే రోటర్లతో, ఒకే కణంలో ఏ పొర ఎంత చిక్కగా ఉందో పటం గీయవచ్చు.

ఈ అణువుల పరిమితులు కూడా చెప్పడం న్యాయం. అల్జీమర్స్ వ్యాధిలో పేరుకునే ప్రోటీన్ నారలను గుర్తించడానికి 1959 నుంచి వాడుతున్న థయోఫ్లేవిన్ టీ కూడా ఒక రోటరే. నీటిలో దాని రెండు భాగాలూ స్వేచ్ఛగా తిరుగుతాయి, వెలుగు ఉండదు. ప్రోటీన్ నార గాడిలో ఇరుక్కుంటే తిరగలేదు, వెలుగుతుంది. అక్కడ ద్రవం చిక్కబడలేదు, అణువు ఇరుక్కుంది, అంతే. అణువుకు ఈ రెండింటి మధ్య తేడా తెలియదు. ఆ తేడా మనకు తెలిసి ఉండాలి. కొన్ని రోటర్లు ద్రావణి ధ్రువత్వానికి కూడా స్పందిస్తాయి. స్నిగ్ధత మరీ ఎక్కువైతే అణువు తిరగడం పూర్తిగా ఆగిపోయి, ఆపైన ఎంత చిక్కబడినా జీవితకాలం మారదు. మరీ పలుచనైతే అది కొలవలేనంత చిన్నదవుతుంది. ఏ రోటరైనా తన హద్దుల లోపలే సాక్ష్యం చెబుతుంది.

చివరగా మళ్లీ పాకం దగ్గరకు వస్తాను. ఇంగ్లండ్‌లో ఈ రోటర్లను కొన్ని మైక్రోమీటర్ల వెడల్పున్న చక్కెర నీటి తుంపరల్లో కలిపి, వాటి చుట్టూ గాలిలోని తేమను తగ్గిస్తూ ఫ్లిమ్‌తో చూశారు. 2013లో ఆ ఫలితాలు వచ్చాయి. గాలి పొడిబారినకొద్దీ తుంపర ఎన్నో రెట్లు చిక్కబడుతుంది; మన లేతపాకం, తీగపాకం, ముదురుపాకం అన్నీ ఆ చిన్న తుంపరలోనే వరుసగా గడిచిపోతాయి, చివరికది గాజులా బిగుస్తుంది. వాతావరణంలో తేలే సేంద్రియ తుంపరలూ ఇలాగే ప్రవర్తించగలవు. బిగుసుకున్న తుంపరలోకి నీరు గానీ ఓజోన్ గానీ సులువుగా చొరబడలేవు కనుక, ఆ తుంపర గాలిలో ఎన్ని రోజులు ఉంటుంది, దాని చుట్టూ మేఘబిందువు ఎప్పుడు కడుతుంది అనే లెక్కలు మారిపోతాయి. వంటనూనెల్లో ఉండే ఒలీయిక్ ఆమ్లం తుంపరలను ఓజోన్‌కు గురిచేసినా అవి చిక్కబడతాయని ఈ రకం ప్రయోగాలు చూపాయి. అంటే మన మూకుడులోంచి లేచి కిటికీలోంచి బయటికి పోయిన నూనె పొగ, గాలిలో తేలుతూ కూడా పాకం ముదిరినట్టు ముదురుతూనే ఉంటుందన్నమాట.

మీ ప్రశ్నలకు సమయం ఉంది, అడగండి.